అద్దం ముందు సౌదీ

అక్షరాలు మనవలతో పాటు కూర్చుని నేర్చుకున్నదాన్ని. ఒత్తులు తప్పితే దిద్దుకుని చదవండి. రాయడం నిదానమే గాని, కథ నడక నిదానం కాదు.

రియాద్‌లోని మలాజ్‌లో పాత సామాను అమ్మే దుకాణం అది.

అందులో గోడంత ఇటలీ అద్దం ఒకటుండేది. రెండు వందల యేళ్ల నాటిది. చట్రం నిండా చెక్కిన ఆకులు, గవ్వలు, మెలికల తీగలు. చెక్క మీద అసలు బంగారు రేకు.

రోజూ పొద్దున్నే అబూ నాసర్ అనే ముసలి సౌదీ వచ్చి దాని ఎదుట కుర్చీలో కూర్చునేవాడు. గహ్వా కాఫీ తాగేవాడు, అద్దం చూసేవాడు, మధ్యాహ్నం నమాజుకు లేచి వెళ్లేవాడు.

"వచ్చిండు మన నితాఖాత్ సౌదీ," అనేవాడు దుకాణంలో పనిచేసే లింబాద్రి.

అనడా మరి? నితాఖాత్ చట్టం లెక్కకు సౌదీలు ఉండాలని పేరుకొకణ్ణి కూర్చోబెట్టి, పని పరాయివాళ్లతో చేయించుకునే దుకాణాలు అప్పుడు కోకొల్లలు.

"మోసుడు, తుడుసుడు మనది. కూసునుడు, జీతం తీసుకునుడు ఆయనది."

డ్రైవర్ ఖాజావలి కడపవాడు. "ఊరికే కూర్చునేదానికీ ఓర్పు కావల్ల లింబాద్రీ. నీకు సాతనయితాదా?"

"కుర్సీ ఇయ్యి, సూపిస్త!"

వాళ్ల నవ్వు చూసి ముసలాయన కూడా నవ్వేవాడు. తెలుగు రాదు కదా.

ఆ యేడు పరాయి పనివాళ్ల మీద సర్కారుకు కట్టే లెవీ పెరిగింది. వీసా ఇచ్చిన దుకాణం యజమాని, కఫీల్, ఇద్దరినీ నిలబెట్టి అరబీలో చెప్పాడు.

"లెవీ కట్టి మరీ తప్పులు భరించలేను. ఇక ఒక్క తప్పు చేసినా ఎగ్జిట్ కొట్టి ఊరికి పంపేస్తా."

లింబాద్రి ఊళ్లో కడుతున్న ఇంటికి ఇంకా స్లాబు పడలేదు. కుర్చీలోని ముసలాయన కూడా ఆ మాట విన్నాడు.

మరునాడు ఇసుక గాలి. దుకాణమంతా దుమ్ము. అద్దం కొనే షేక్ వచ్చే వేళ.

లింబాద్రి గుడ్డ తడిపి, ఇంటి దర్వాజా తుడిచినట్టు చట్రాన్ని గట్టిగా తుడిచాడు.

బంగారం గుడ్డకంటుకుని వచ్చేసింది. కింది ఎర్రమట్టి పూత తేలింది.

"ఖాజా భాయ్! గిదేందే, బంగారమంత ఊడొస్తున్నది!"

"తడిగుడ్డ పెడితివా? పొడి బ్రష్షు తప్ప తగలకూడదని కఫీల్ నెత్తీ నోరూ కొట్టుకునె గదరా నాయనా!"

బయట కఫీల్ కారు ఆగింది.

ముసలాయన లేచి, లింబాద్రి చేతిలోంచి గుడ్డ తీసుకున్నాడు.

"మీన్?" అని అరిచాడు కఫీల్. ఎవరు?

"అనా," అన్నాడు ముసలాయన. నేనే. "దుమ్ము చూడలేక తుడిచాను."

కఫీల్ ఆయన్ని చూశాడు, గుడ్డను చూశాడు, తల దించుకున్నాడు. "మీ ఇష్టం, చిన్నాయనా."

షేక్ వచ్చి, ఎర్రమట్టి చూసి, కూర్చోకుండానే వెళ్లిపోయాడు.

"సూసినవా భాయ్?" అన్నాడు లింబాద్రి, ఊపిరి పీల్చుకుని. "సౌదీని సౌదీ ఏమంటడు? ఆయనదేం పోయింది?"

"నోర్ముయ్. పోయి దండం పెట్టు."

"రేపు పెడత తియ్. రోజూ వచ్చేటాయనే గదా."

మరునాడు కుర్చీ ఖాళీ. ఆ తర్వాత కూడా ఖాళీయే. లింబాద్రికి అక్కడ ఉండనిచ్చే ఇఖామా మాత్రం రెన్యువలైంది.

కొన్నాళ్లకు కఫీల్ అద్దాన్ని దుప్పట్లలో చుట్టించి ఖాజావలి బండిలో ఎక్కించాడు.

రెండో రోజు ఖాజావలి తిరిగొచ్చాడు.

"యాడ దింపొచ్చినవ్ భాయ్?"

"హాయిల్ ఊర్లో. ముసలాయన కూతురింట్లో. ఈడ మలాజ్ ఇల్లు చెయ్యి జారిపాయనంట. ఇంక ఆడనే ఉంటాడు."

"గాయనకెందుకే అద్దం? జీతం కింద ఇచ్చిండా కఫీల్?"

ఖాజావలి బండి తాళాలు మేకుకు తగిలించాడు.

"యాడి జీతం లింబాద్రీ? ఆయప్ప ఏనాడూ ఈడ పనిలో లేడు. ఇల్లు నిలబెట్టుకునేదానికి తన పెండ్లినాటి అద్దాన్ని అమ్మకానికి పెట్టి, అది పోయేదాకా కండ్లారా సూసుకుందామని దినామూ వచ్చి కూర్చునె."

— ముత్యవ్వ, అరవై నాలుగేళ్లు, ఇప్పుడుండేది మెట్‌పల్లిలో.