పున్నారావు స్వెట్టరు

"ఎవరికమ్మా ఇది?"

పాత స్వెట్టరును వెలుతురుకు పట్టి చూస్తూ అడిగింది క్రిస్టినా. మోచేతుల దగ్గర చిల్లులు. మెడ సాగిపోయింది. ఊలు మాత్రం గట్టిదే.

"మా ఆయనకండీ. పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. చలికి ఓర్చుకోలేకపోతున్నాడు. ఒక టోపీ, మఫ్లరు వస్తే చాలు," అంది ముసలావిడ. పామిడిముక్కల నుంచి మొదటి బస్సుకే వచ్చిందట.

మచిలీపట్నంలో క్రిస్టినా కొట్టు చాలామందికి తెలుసు. చిరిగిన స్వెట్టర్లు విప్పి, ఊలు ఉతికి, ఉండలు చుట్టి, పసిపిల్లలకు టోపీలు, పెద్దవాళ్ళకు శాలువాలు అల్లుతుంది. భర్త డేనియల్ పోయాక ఏడేళ్ళుగా అదే ఆమె బతుకు.

చీటీ తీసింది.

"ఆయన పేరు?"

"పున్నారావండీ. లారీ నడిపేవాడు."

పెన్ను ఆగిపోయింది.

డేనియల్ సైకిల్ని గుద్ది, ఆపకుండా పోయిన లారీ. మూడో రోజున పోలీసులకు దొరికిన డ్రైవరు. కోర్టులో తలొంచుకుని నిలబడ్డ పామిడిముక్కల పున్నారావు.

రెండేళ్ళు జైల్లో ఉన్నాడు. నిండు ప్రాణానికి రెండేళ్ళు!

క్షమించమని పాస్టరుగారు చాలాసార్లు చెప్పారు. క్రిస్టినా తలూపేది. అంతవరకే.

"వారం ఆగి రండి," అంది, గొంతులో ఏమీ తెలియనివ్వకుండా.

ఆ సాయంత్రమే స్వెట్టరు విప్పింది. ఒక్కో వరస ఊడుతుంటే వాడి చర్మం ఒలుస్తున్నంత హాయిగా ఉంది. ఊలు ఉతకలేదు. మూడేసి పోగులు కలిపి, పళ్ళు బిగబట్టి అల్లింది.

టోపీ కాదు. మఫ్లరూ కాదు.

కాళ్ళు తుడుచుకునే పట్టా.

తెచ్చి కొట్టు గుమ్మంలో వేసింది. వచ్చినవాళ్ళందరూ దాన్ని తొక్కి లోపలికొచ్చారు. ఒకరోజు ముసురు పట్టింది. అన్నీ బురద కాళ్ళే. ఆ రోజు క్రిస్టినా కడుపునిండా అన్నం తింది.

వారం తిరిగేసరికి ముసలావిడ వచ్చింది.

"అయిందా అమ్మా?"

"అయింది. మీరు దాని మీదే నిలబడ్డారు."

ఆవిడ కిందికి చూసి, గబుక్కున పక్కకు జరిగింది.

"ఇదేంటమ్మా, ఇలా..."

"మీ ఆయన లారీ కింద నలిగిపోయింది నా మొగుడు. డేనియల్. పేరు గుర్తుందో లేదో! మీ ఆయనకి నేను అల్లేది ఇదే. తీసుకెళ్ళి చూపించండి. ఊరందరూ తొక్కారని మరీ చెప్పండి."

ఏడుస్తుందని ఎదురుచూసింది క్రిస్టినా. ఆవిడ ఏడవలేదు. వంగి పట్టా తీసి, మట్టి దులిపి, మడిచి సంచిలో పెట్టుకుంది.

"కాళ్ళ మీద కప్పుతానమ్మా. వెచ్చగానే ఉంటుంది."

మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మనవరాలి టోపీ కోసం వస్తున్న మల్లికార్జునరావు ఆవిడకు ఎదురుపడ్డాడు. పక్కకు తప్పుకుని, చేతులు జోడించి దారిచ్చాడు. డేనియల్ కేసు చూసిన హెడ్ కానిస్టేబులే ఆయన. ఈమధ్యే రిటైరయ్యాడు.

"ఆవిడకి దణ్ణమేంటి బాబాయిగారూ? ఆ పున్నారావు పెళ్ళాం!" అంటూ జరిగిందంతా చెప్పింది క్రిస్టినా. "ఏడేళ్ళ కసి ఇవాళ్టికి తీరింది."

ఆయన ఆవిడ వెళ్ళిన దారి వైపు తిరిగి చూశాడు.

"ఎంత పని చేశావమ్మా! ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుంది గానీ..."

"ఏం చెప్పొద్దని?"

"వాణ్ణి మేం పట్టుకున్నామనుకుంటున్నావా? సాక్షి లేడు, లారీ నంబరు లేదు. మూడో రోజు పొద్దున్నే స్టేషనుకొచ్చి, 'ఆ పోయినతనికీ ఇల్లాలుంటుంది కదయ్యా' అని, మొగుడు దాక్కున్న చోటికి మమ్మల్ని వెంటబెట్టుకెళ్ళింది ఆవిడేనమ్మా."