లేపని పావుగంట

"అలసటగా ఉందా అని నెలనెలా కాగితమిచ్చి అడుగుతూనే ఉన్నాం. లేదని మీ ఆవిడే టిక్కు పెట్టింది, చూడండి," అని సూపరింటెండెంటు కాగితాన్ని బల్ల మీదికి తోశాడు.

వరసగా మూడు డ్యూటీలు చేసి, వార్డులోనే కుప్పకూలి చనిపోయిన నర్సు భర్త ఆ కాగితం అందుకున్నాడు.

"నా దగ్గర కూడా దాచిందా!"

తలుపు దగ్గరున్న హెడ్ నర్సు ముందుకొచ్చింది.

"అది తను పెట్టలేదు తమ్ముడూ. నేనే పెట్టాను."

"నువ్వు బయటికి నడు," సూపరింటెండెంటు కసిరాడు.

"నడుస్తా లెండి. ముప్పై ప్రశ్నలు! రోగుల్ని వదిలేసి ఎవరు రాస్తారు? అందరివీ నేనే నింపేదాన్ని. అలసట ఉందని రాస్తే సెలవిస్తారా ఏమన్నానా, పిలిచి గంటసేపు క్లాసు పీకుతారు." ఆమె అతనివైపు తిరిగింది. "ఆ రోజు తను దుప్పట్ల గదిలో నేల మీదే నిద్రపోయింది. ఈ దిక్కుమాలిన కాగితం కోసం లేపబుద్ధి కాలేదు. లేపాల్సింది తమ్ముడూ. తనైతే నిజం రాసేదేమో."

"ఎంతసేపు పడుకుంది అక్కా?"

"పావుగంట."

సూపరింటెండెంటు కాగితం కోసం చెయ్యి చాచాడు. భర్త ఇవ్వలేదు.

"నువ్వైనా పడుకోనిచ్చావు అక్కా," అన్నాడు. "ఇంటికొచ్చి కన్ను మూస్తే టీ కోసం నేనే లేపేవాణ్ణి."