ఎదురుగాలి జెండా

ఆ వీధిలోని వెండి కొట్లవాళ్లందరూ ఆ వెండి వర్తకుణ్ణి గీటురాయి అని పిలుస్తారు. ఎదురుగా మాత్రం కాదు.

వెండినైనా మనిషినైనా గీసి చూడందే నమ్మడు. గీసి చూశాక కూడా సగమే నమ్ముతాడు.

అలాంటివాడికే దెబ్బ తగిలింది. పాత నాణేలు పోగుచేసే టీచరు ఒకాయన, అతని దగ్గర కొన్న వెండి నాణేన్ని వెనక్కి తెచ్చాడు. ఇది దొంగ నాణెం అని నలుగురిలో అన్నాడు, డబ్బు వెనక్కి తీసుకున్నాడు, అంతటితో ఊరుకోక వర్తక సంఘం దాకా వెళ్లాడు.

సాయంత్రం సంఘం కూర్చుంటుంది. తెలిసి దొంగ నాణెం అమ్మాడని తేలితే తాత పెట్టిన కొట్టు మూతపడుతుంది.

నాణెం మీద తెరచాప ఓడ ఉంది. తెరచాప కుడివైపుకు పొంగింది. పైనున్న జెండా మాత్రం ఎడమవైపుకు ఎగురుతోంది. ఒకే ఓడ మీద గాలి రెండు వైపులకు వీస్తుందా?

తూకం సరిపోయింది. వెండి గీటుకు నిలిచింది. అయినా ఏం లాభం? కరిగించే వెండికైతే తూకమే ధర. పాత నాణేనికి అలా కాదు. అది ప్రభుత్వ టంకశాలలో పుట్టిందా, ఎంత అరిగింది, అలాంటివి ఇంకెన్ని మిగిలాయి, ఇవన్నీ చూస్తారు. పుట్టుకే దొంగదైతే మిగిలేది తూకం, పైన అప్రతిష్ఠ.

కోపంతో ఒళ్లు మండిపోతున్న ఆ పొద్దున ఒక ముసలాయన మెట్లెక్కి వచ్చాడు. మోచేతుల దగ్గర వెలిసిపోయిన కోటు, నలిగిన చొక్కా.

"ఓడ నాణెం మీ దగ్గర ఉందని విన్నాను బాబూ. ఒకసారి చూడొచ్చా?"

ఎదురు కొట్టువాడు పంపిన మనిషే అనుకున్నాడు గీటురాయి. ఇవ్వకపోతే భయపడ్డాడంటారని నాణేన్ని విసిరినట్టు బల్ల మీద పెట్టాడు.

ముసలాయన భూతద్దం అడగలేదు. నాణేన్ని అంచులతో పట్టుకుని, జెండా మీద బొటనవేలి గోరు ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత, ఎంత చెబితే అంతకు కొంటానన్నాడు.

"కొని ఏం చేస్తావు?"

"కరిగించేస్తాను."

గీటురాయికి అంతా అర్థమైపోయింది. దొంగ నాణేలు చేసినవాడే పట్టుబడక ముందే వాటిని మాయం చేయడానికి వచ్చాడు.

"ఇలాంటివి ఎన్ని చేశావు?" అని గద్దించాడు.

ముసలాయన ముఖం పాలిపోయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది. ఇక గీటురాయి ఆగలేదు. నీలాంటివాళ్ల వల్లే ఈ సాయంత్రం నా కొట్టు మూతపడబోతోందని నోటికొచ్చినట్టు కడిగేశాడు.

లోపలి గది గుమ్మంలోంచి భార్య, "పెద్దాయన కదండీ, కూర్చోబెట్టి అడగండి" అంది. నువ్వు లోపలికి నడు అన్నాడు.

వెళ్లిపోబోతున్న ముసలాయన, కొట్టు మూతపడుతుందన్న మాట దగ్గర ఆగిపోయాడు.

"నాణెం మంచిదే బాబూ. కావాలంటే సంఘానికి నేనొచ్చి చెబుతాను. నాకెలా తెలుసో కూడా చెబుతాను."

ఆ చివరి మాట అనడానికి ఆయన చాలా కష్టపడ్డాడు.

"దొంగకి దొంగ సాక్ష్యమా? ఇద్దరం కలిసి చేశామనుకోవాలనా?"

గీటురాయి ఆయన రెక్క పట్టుకుని మెట్లు దింపేశాడు. పోలీసులను పిలవనందుకు సంతోషించమన్నాడు. ముసలాయన మోచేయి రుద్దుకుంటూ వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నం భార్య కంచంలో వడ్డించి లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రం సంఘంలో టీచరు, టంకశాలలో పనిచేసి రిటైరైన అధికారి ఒకరు వస్తున్నారని, కాస్త ఆగుదామని అన్నాడు. బయటివాడొచ్చి నలుగురిలో తప్పు పట్టేదాకా ఆగడం గీటురాయికి ఇష్టం లేకపోయింది. దొంగ నాణెం దొరికితే రెండు ముక్కలు చేయడం ఆ వీధి పద్ధతి. అతను రేకు కత్తెర తీశాడు.

"నేను మోసపోయాను గానీ మోసం చేయలేదు."

ఓడను నడిమికి కత్తిరించి అందరి ముందూ పడేశాడు. సంఘం పెద్ద లేచి వచ్చి భుజం తట్టాడు.

అధికారి అప్పుడు వచ్చారు. రెండు ముక్కలూ కలిపి పెట్టి చూసి, "ఎంత పని చేశారయ్యా, ఇది మా టంకశాలదే" అన్నారు.

నాణెం మీద బొమ్మ సరిగ్గా పడాలంటే అచ్చు మీద తిరగేసి చెక్కాలట. ఓడనంతా తిరగేసి చెక్కిన పనివాడు, జెండా దగ్గర మాత్రం ఆ సంగతి మరిచి మామూలుగా చెక్కేశాడట. తప్పు బయటపడేసరికి ఒక సంచి నాణేలు టంకశాల గేటు దాటిపోయాయట. ఆ తప్పువల్లే ఇప్పుడు వాటికంత ధర అనీ, తమ టంకశాల నాణేల్లో అంత పలికేది ఇంకోటి లేదనీ చెప్పారు.

సంఘం పెద్ద భుజం మీది చేయి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. మంచి నాణేన్ని గుర్తుపట్టలేనివాడి దగ్గర ఇక వెండి ఎవరు కొంటారు?

అంత విలువైనది ఎక్కడా కనబడదేమని టీచరు అడిగాడు.

"చెక్కినాయన కనబడనిస్తేగా" అన్నారు అధికారి. "సిగ్గుతో ఉద్యోగం మానేసి ఊరూరా తిరుగుతున్నాడు. దొరికినదల్లా కొని కరిగించేస్తున్నాడు. మీ చేత్తో చెక్కిన వాటిలో అదే గొప్పదయ్యా అని చెబుదామని నేనూ వెతుకుతున్నాను, దొరకడం లేదు."

గీటురాయి జెండా ఉన్న ముక్కను తీసి, దాని మీద బొటనవేలి గోరు ఆనించాడు.

పొద్దున తను రెక్క పట్టి మెట్లు దింపేసింది, ఆ జెండాను చెక్కిన చేతినే.