టికెట్ లేని ప్యాసింజర్

బొమ్మ రైల్వేస్టేషన్ మీద కండక్టర్‌గారు బోర్లా పడ్డారు.

రైలు ఒక లైన్లోంచి ఇంకో లైన్లోకి మారే పాయింటు, ఆ రైళ్లన్నీ పరిచిన బల్లకి అవతలి అంచున ఉంది. దాన్ని చేత్తో జరపబోయి కాలు జారారు. రెండు రైళ్లు గుద్దుకున్నాయి, ప్లాట్‌ఫారం పిండైంది, నడుం పట్టేసింది.

చూడ్డానికి వచ్చిన పిల్లలు బిక్కమొహాలు వేశారు.

కూతురు ఆయన్ని లేపి కూర్చోబెట్టింది.

"మొన్న స్టవ్ మీద పాలు మర్చిపోయావు. నిన్న తాళంచెవి తలుపుకే వదిలేశావు. ఇవాళ ఇది. ఇంకొక్కసారి రైళ్లు గుద్దుకున్నాయంటే ఈ బల్ల తీసేస్తాను నాన్నా. తర్వాత నన్ననొద్దు."

బస్సు దిగి రిటైరయ్యాక ఆయనకి మిగిలింది ఆ బల్ల ఒక్కటే. ఆదివారం సాయంత్రమైతే వీధిలో పిల్లలంతా వచ్చి దాని చుట్టూ మూగుతారు. మిగతా వారమంతా దానిమీద దుప్పటి కప్పే ఉంటుంది. ఆ గదిలోనే కూతురి కుట్టుమిషన్.

మర్నాడే బొమ్మల కొట్టుకి వెళ్లారు.

"కుర్చీలోంచి లేవకుండా పాయింట్లు మార్చాలయ్యా. ఏముంది నీ దగ్గర?"

కొట్టాయన మొదట మీటల పెట్టె చూపించాడు. ప్రతి పాయింటుకీ బల్లకింద నుంచి వైరు లాగాలట.

"బల్లకింద దూరే నడుమే ఉంటే నీ దగ్గరికెందుకొస్తాను?"

"పోనీ ఇది. ఫోన్లో నడుస్తుంది."

"నా ఫోన్ వెతుక్కోడానికే ఇంకో ఫోన్ కావాలి. వద్దు."

"ఆ వైర్లెస్‌ది తీసుకోండి," అన్నాడు పక్కన నిలబడ్డ మనిషి. ముప్ఫయ్యేళ్లుంటాయేమో. "బటన్లు పెద్దవి. మా నాన్నకి కొందామనుకున్నది అదే."

"మరి కొన్లేదేం?"

"ఆలస్యం చేశానండీ."

కండక్టర్‌గారు వినిపించుకోలేదు. పెట్టె తిప్పి చూసుకుంటున్నారు. అందులో రెండు రిమోట్లున్నాయి.

"ఏది నొక్కినా ఒకటే," అన్నాడు కొట్టాయన. "వాడేముందు మాత్రం వెనకాల ప్లాస్టిక్ పట్టీ లాగెయ్యండి. అదుంటే బ్యాటరీ పనిచెయ్యదు."

"అలాగేలేవయ్యా. దీనికి వైర్లుండవుగా?"

"ఉండవండీ."

కాసేపటికి మళ్లీ, "ఇంతకీ వైర్లెక్కడ తగిలించాలి?" అన్నారు.

కొట్టాయన నవ్వాపుకుంటూ మొహం తిప్పుకున్నాడు. ఆ మనిషి నవ్వలేదు. పెద్దాయన్నే చూస్తూ నిలబడ్డాడు.

"ఆ రెండో రిమోట్ నాకిస్తారా?"

"నీకు రైళ్లున్నాయా?"

"లేవండీ."

"మరేం చేసుకుంటావ్?"

అతను పెట్టెలోని రిమోట్‌కేసి చెయ్యి చాచాడు.

"సర్లే, పట్టుకుపో. ఊరికే వస్తే ఎవడొదులుతాడు! ఆదివారం మా ఇంటికొచ్చి రైళ్లు కూడా చూసిపో."

పెట్టెలో వచ్చిన చిన్న మోటార్లు పాయింట్ల పక్కన కూతురే అతికించింది. రిమోట్‌ని మాత్రం ముట్టుకోనివ్వలేదాయన. పిల్లల ముందే ప్రారంభోత్సవం అన్నారు.

ఆదివారం ఆ మనిషి నిజంగానే వచ్చాడు.

"టికెట్ లేని ప్యాసింజర్ దిగాడర్రా!" అన్నారు కండక్టర్‌గారు. పిల్లలు పకపకా నవ్వారు.

రైళ్లు కదిలాయి. ఆయన బటన్ నొక్కారు. పాయింటు కదల్లేదు. కూతురు కుట్టుమిషన్ దగ్గర్నుంచి తలెత్తింది. మళ్లీ నొక్కారు.

కటక్!

రైలు దర్జాగా లైను మారింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"నొక్కగానే మారదేంటి తాతా?"

"రేడియో అలలు రా! చేరొద్దూ?"

అప్పట్నుంచీ ప్రతి ఆదివారం అంతే. ఆయన నొక్కడం, అలలు చేరడం, కటక్‌మనడం. రైళ్లు ఒక్కసారీ గుద్దుకోలేదు. కూతురు బల్ల ఊసెత్తడం మానేసింది.

ఆయన్ని చికాకు పెట్టింది ఆ మనిషొక్కడే. గుమ్మం దగ్గర నిలబడతాడు. జేబుల్లోంచి చేతులు తియ్యడు. అందరూ చప్పట్లు కొడుతుంటే గుడ్లప్పగించి పట్టాలకేసి చూస్తాడు. పైగా వెళ్లేటప్పుడు ఒకటే పాట:

"ఒక్కసారి మీ రిమోట్ ఇలా ఇస్తారా?"

"ఒకటి పట్టుకుపోయావు, చాల్లేదా? ఇది కూడా కావాలా?"

ఒక ఆదివారం అతను పిల్లలందరూ వెళ్లేదాకా ఆగాడు.

"రేపట్నుంచి ఈ ఊళ్లో ఉండనండీ. ఒక్కసారి ఆ రిమోట్ ఇస్తే, వెనకాల..."

కూతురు అక్కడే ఉంది. ఆమెను చూసి మాట మింగేశాడు.

కండక్టర్‌గారికి ఒళ్లు మండింది.

"చప్పట్లు కొట్టడానికి చేతులు రావుగానీ, రిమోట్ కోసం మాత్రం చాస్తావు! టికెట్ లేనివాణ్ణి దారిలోనే దింపేసేవాణ్ణి నేను. దిగు! మళ్లీ ఈ గడప తొక్కకు."

అతను చిన్నగా నవ్వాడు.

"సరేనండీ. రైళ్లు జాగ్రత్త."

తర్వాతి ఆదివారం పిల్లలు మూగారు. రైళ్లు కదిలాయి. ఆయన నొక్కారు. మళ్లీ నొక్కారు.

"అలలు వస్తున్నాయి తాతా?"

రెండు రైళ్లూ ఎదురెదురుగా వచ్చి ఢీకొట్టి పక్కకి ఒరిగాయి.

ఆయన పసిపిల్లాడిలా కూతురి మొహంలోకి చూశారు.

ఆమె వచ్చి రిమోట్ తీసుకుంది. బ్యాటరీ అయిపోయిందేమోనని వెనక్కి తిప్పింది. అలాగే ఆగిపోయింది.

"నాన్నా, ఈ పట్టీ ఇంకా ఉందేంటి?"

"ఏ పట్టీ?"

"ఇది లాగితేగానీ రిమోట్ పనిచెయ్యదు. అంటే నువ్వు ఇన్నాళ్లూ..."

ఆమె కళ్లు తుడుచుకుని, పట్టీ లాగి పారేసి, రిమోట్ ఆయన చేతిలో పెట్టింది.

"నొక్కు నాన్నా. బల్ల ఎక్కడికీ పోదు."

నొక్కారు. నొక్కీ నొక్కగానే పాయింటు కటక్‌మంది.

"తాతా, ఇవాళ అలలు భలే తొందరగా వచ్చాయి!"

కండక్టర్‌గారు గుమ్మంకేసి చూశారు. అక్కడెవరూ లేరు. టికెట్ లేని ప్యాసింజరని తను దింపేసిన మనిషే, జేబులో చెయ్యి పెట్టుకుని ఇన్ని ఆదివారాలూ తన రైళ్లు నడిపించాడు.