మొదటి దోసె

అనకాపల్లి బస్టాండు పక్క టిఫిన్ సెంటర్లో దోసెల పెనం దగ్గర పని నూకాలుది. యజమానిని ఎవరూ చూడలేదు. ఆమె చెవిలో పెట్టిన ఇయర్‌ఫోన్ బిళ్ళే పనులన్నీ చెప్పేది.

రద్దీ తగ్గాక ఆమె స్టూలు మీద కూలబడి ఫోన్లో ఇంకో హోటల్ నడిపేది. ఆ ఆటంటే ఆమెకు ప్రాణం. అక్కడ కాళ్ళు పీకవు, తినేవాళ్ళు కసురుకోరు, వేలితో నొక్కితే చాలు హోటల్ పెరుగుతుంది.

ఆ రోజు ఆటలో దోసెలేసే బొమ్మ మొదటి దోసెను అమ్మకుండా, కాకి కోసం గోడ మీద పెట్టింది. నూకాలు కూడా రోజూ అలాగే పెడుతుంది. అయినా తెర మీద 'దండగ' అని కనబడగానే నొక్కి మాన్పించేసింది. బొమ్మ కూర్చునే స్టూలు కూడా తీసేసింది. గలగలమంటూ బహుమతి చుక్కలు రాలాయి.

"సూడే పైడితల్లీ, మూడో లెవెలెక్కీసినాను!"

పిండి రుబ్బుతున్న పైడితల్లి నవ్వలేదు. "వొదినా, బొమ్మకి కాకి సంగతి ఎవులు నేర్పినారు?"



మర్నాడు పొద్దున్నే మొదటి దోసె పట్టుకుని గోడ దగ్గరకు వెళ్ళబోయింది.

"అది దండగ. అమ్మండి," అంది చెవిలో బిళ్ళ.

వెనక్కి తిరిగితే తను కూర్చునే స్టూలు లేదు. నూకాలు మెల్లగా తలెత్తి, పెనం పైనున్న కెమెరాను చూసింది.

"ఎవులమ్మా నువ్వు? నానూ మనిసినే. కాల్లు పీకేస్తన్నాయి."

చెవిలో గలగలమంటూ చుక్కలు రాలాయి.