ఎవరి టేపు వారి మెడలో

కుట్టుమిషన్ల తొక్కుడు పలకల దాకా నీళ్ళొచ్చిన వరద పోయిన రెండు నెలల తర్వాతి సంగతి.

ఆ దర్జీ దుకాణంలో కొలతలు తీసేవాడు ఒకడు, గుడ్డ కత్తిరించేవాడు ఒకడు. కత్తిరించేవాడు కొలతలవాడికి స్వయానా అక్క మొగుడు. ముప్పై ఏళ్ళుగా బావమరిది కొలిచి అంకె కేకేస్తాడు. బావ ఆ అంకెకు కత్తెర వేస్తాడు. ఇద్దరి టేపులూ ఒకే కొట్లో ఒకేరోజు కొన్నవి. అయినా ఎవరి టేపు వారి మెడలో. ఒకరిది ఇంకొకరు ముట్టుకోవడం ఆ దుకాణంలో లేదు.

కొలతలవాడు శుభ్రమైన మనిషి. వరదలో తడిసి టేపు ఉండచుట్టుకుపోతే, ముడతలు పోవాలని చివర ఇస్త్రీపెట్టె కట్టి మూడు రోజులు వేలాడదీసి మరీ ఆరబెట్టుకున్నాడు. బావ మాత్రం తనదాన్ని పిండి మెడలో వేసుకున్నాడు.

ఇప్పుడు కుట్టినవన్నీ తిరిగొస్తున్నాయి. బస్సు డ్రైవరు చొక్కాకు గుండీలు పడలేదు. బ్యాండులో డ్రమ్ములు వాయించేవాడు కర్ర ఎత్తాడో లేదో, కొత్త కోటు చంకలో పర్రుమంది.

"కాస్త ఒళ్ళు చేశారండీ" అని కొలతలవాడు అందరికీ సర్దిచెప్పాడు.

"ఊరంతా ఒక్కసారే ఒళ్ళు చేసిందా?" అంది దుకాణం యజమానురాలు. "మీ బావకు చూపు ఆనడం లేదు. కత్తెర పక్కన పెట్టి గుండీలు కుట్టుకోమను. నువ్వే చెప్పు, ఆయన నొచ్చుకోకుండా. ఈ వారంలో చెప్పకపోతే నేనే చెబుతా. నా నోరు నీకు తెలుసుగా."

తెలుసు. అందుకే హడలిపోయాడు. కోతబల్ల ముందు నిలబడకపోతే బావకు ముద్ద దిగదు.

రెండు రోజులు మాటలు కూర్చుకున్నాడు. మూడోనాడు మధ్యాహ్నం రెండు టీలు పట్టుకుని కోతబల్ల దగ్గరికి వెళ్ళాడు.

"ఏంట్రా, నువ్వు టీ తెచ్చావు! మీ అక్క నీ ఇంట్లో నెల్లాళ్ళు ఉంటానందా?"

"అది కాదు బావా. నీ కళ్ళు ఎలా ఉన్నాయి?"

"మీ అక్కను చూస్తే ఇంకా భయమేస్తోంది. అంటే బాగానే కనిపిస్తున్నట్టేగా!"

ఇతనికి నవ్వు రాలేదు.

"బావా, వయసు ఎవర్ని వదిలింది? రేపు నన్నూ వదలదు. బట్టలు బిగుతైపోతున్నాయి. కొన్నాళ్ళు గుండీల పని చూడు. కత్తెర నేను పడతా. నీ చోటు ఎక్కడికీ పోదు. నేను లేనూ?"

బావ గ్లాసు కింద పెట్టాడు.

"ఎప్పట్నుంచి బిగుతు?"

"వరద పోయినప్పట్నుంచి."

బావ అతని మెడకేసి చాలాసేపు చూశాడు. తిట్టబోతున్నాడని ఇతను తల వంచుకున్నాడు.

"బాగా చెప్పావురా" అన్నాడు బావ. "ఇంకొకడైతే నలుగురిలో పరువు తీసేవాడు."

తన మెడలోని టేపు తీసి బావమరిది చేతిలో పెట్టాడు.

"గుండీలకు టేపెందుకు? నువ్వుంచుకో. రేపు అందరికంటే ముందొచ్చి నీదీ నాదీ ఒకే మేకుకు తగిలించు. ఎవరూ లేనప్పుడు."

"ఎవరూ లేనప్పుడెందుకు బావా?"

"ముసలాడి ముచ్చట. తీర్చరా."

కొలతలవాడికి కళ్ళు చెమర్చాయి. ఎంత తేలిగ్గా ఒప్పుకున్నాడు! అంతా తన మాట నేర్పే అనుకున్నాడు. ఇంటికెళ్ళే దారంతా మురిసిపోయాడు.

మర్నాడు పొద్దున్నే వచ్చి, రెండు టేపుల కొసలూ కలిపి ఒకే మేకుకు తగిలించి చూస్తే తనదే నాలుగు వేళ్ళు కిందికి దిగి ఉంది. బావ వచ్చేసరికి కొలతలవాడే గుండీల డబ్బా ఒళ్ళో పెట్టుకుని సూదిలోకి దారం ఎక్కించుకుంటున్నాడు.