తట్టకు ఓ చెయ్యి

చేపల రేవులో ఇప్పుడు ఎవరూ ఎవరినీ తాకరు. ద్రవంలో ఒక కణానికి ఎంత దూరాన ఇంకో కణం ఉంటుందో లెక్కగట్టే పాత సాఫ్ట్‌వేర్‌ను తెచ్చి రేవు అధికారులు జనం చెప్పుల్లో పెట్టారు. ఎదుటి మనిషి చెప్పులు చేతికందేంత దగ్గరికి వస్తే చాలు, చెప్పులే పక్కకు లాగేస్తాయి. అవి తొడుక్కోనిదే గేటు దాటనివ్వరు. తోపులాటలు పోయిన మాట నిజమే.

కానీ నిండు తట్ట నెత్తికెక్కాలంటే ఇంకొకరు చెయ్యి వెయ్యాలి కదా. నూకరత్నం పొద్దుటినుంచి తన తట్ట చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. ఐసు కరిగి కారిపోతోంది.

"అసిరమ్మొదినా, ఓ సెయ్యెయ్యి. సరుకు పాడైపోతంది."

"నానొస్తంటే ఈ సెప్పులు రానిస్తేనా?"

అసిరమ్మ రెండడుగులు వేసి పక్కకు జారిపోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ జారింది. ఇక విసుగెత్తి చెప్పులు అక్కడే విడిచేసి, కాలే సిమెంటు మీద ఉరికొచ్చి తట్ట పట్టుకుంది.

"కాళ్లు మండుతన్నాయి, బేగి ఎత్తు."

తట్ట నెత్తికెక్కింది. చూసినవాళ్లు ఒక్కొక్కరే చెప్పులు విడిచారు. కాసేపటికి రేవంతా భుజాలు రాసుకుంటూ, కాళ్లు తొక్కుకుంటూ, తిట్టుకుంటూ బేరాల్లో పడింది. ఖాళీ చెప్పులు మాత్రం ఎడమెడంగా, ఎక్కడివక్కడ బుద్ధిగా నిలబడ్డాయి.

అంతలో, చెప్పుల కదలికను బట్టే జనాన్ని లెక్కగట్టే మైకు పైనుంచి కంగారుగా అందుకుంది.

"రేవులో జనం గడ్డకట్టిపోయారు. దయచేసి కదలండి."